వేలికి చల్లగా

"నన్ను దొంగంట" అన్నాడు ఓబులేసు
షట్టర్ ముందు క్యామ్రీ ఆపీ ఆపకముందే.
"కారెక్కితే పెట్రోలు కంపు,
నా చొక్కా పట్టుకుంటే పెట్రోలు కంపు.
పైపేసి తీసి అమ్ముకుంటాండానంట.
మామా మొకం మీదనే అనింది.
నీది రాయచోటి, నాది సంబేపల్లె,
నువ్వే చూడల్ల అన్నా."

షువైఖ్‌లో పొద్దున పదకొండు.
రేకుల కప్పు చిటచిటమంటోంది.
తలుపు తీసి తల లోపలికి పెట్టి
గట్టిగా పీల్చినట్టు నటించాను.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది.
రెండేళ్ళ కిందటి జ్వరం
పోతూ పోతూ నా ముక్కును వెంట తీసుకుపోయింది.
కాలిన క్లచ్చు, కరక్ చాయలో ఏలక్కాయ
ఇప్పుడు నాకొకటే.
కేరళ సేటుకి తెలిస్తే
పద్దెనిమిదేళ్ళ పనితనం ఒక్క పూటలో పాతసామాను.
అందుకే అడగడం నేర్చుకున్నా.

"ఎప్పుడొస్తాది?"
"నిండా కొట్టిచ్చినప్పుడు. మూన్నాళ్ళకి తగ్గతాది."
"నిలబడుంటేనా, పోతాంటేనా?"
"రౌండబౌట్ తిరిగేటప్పుడు గుప్పుమంటాది."
"ముందరా, ఎనకా?"
కాసేపు ఆలోచించాడు.
"ఎనక కూర్చునేది వాళ్ళు గదన్నా.
నాకెట్ల తెలుస్తాది?"

అయినా బానెట్ ఎత్తాను, వరస తప్పకూడదు.
గొట్టాలు పొడి. ట్యాంకు మూత బిగువు.
కారు కింద ఇసక తప్ప తడి లేదు.
రఫీకుల్ చేతిలో సిగరెట్టు అవతల పారేయించి,
పంపు ఫ్యూజు పీకి
ఇంజను తనంతట తాను దగ్గి ఆగేదాకా ఉండి,
బ్యాటరీ తీగ ఊడదీసి
వెనక సీటు లేపాను.

మూడు ఖర్జూరం గింజలు, ఒక వంద ఫిల్సుల నాణెం,
పిల్లదాని గులాబీ క్లిప్పు, విరిగిన క్రేయాను.
అన్నీ ఏరి ఓబులేసు చేతిలో పెట్టాను, లెక్కపెట్టి మరీ.
దొంగ అనిపించుకున్నవాడికి లెక్క ముఖ్యం.

రేకుమూత కింద పంపు.
చుట్టూ తెల్లగా పేరుకున్న ఎడారి దుమ్ము,
ఒక్కచోట నెలవంకంత నలుపు.
ముట్టుకున్నాను.
చల్లగా తగిలింది.

జూలైలో ఈ ఊళ్ళో
కుళాయి నీళ్ళు కాలతాయి, పానా కాలుతుంది,
జేబులో తాళంచెవి తొడని కాలుస్తుంది.
అడక్కుండా చల్లగా తగిలేదేదైనా
అనుమానించాల్సిందే.

నిప్పురవ్వ రేగని ఇత్తడి ఉలితో
మెల్లమెల్లగా తట్టి రింగు తిప్పాను.
లోపలి రబ్బరు సీలు బయటికొచ్చింది
ఎండి, బిరుసెక్కి, ఒక పక్క పుటుక్కున తెగి.
ఓబులేసు దాన్ని గాజులా చేతికి తొడుక్కున్నాడు.
"ఇంతదానికా అన్నా?
ఇంతదానికా నన్ను?"
మాట పూర్తి చేయలేదు.
నేను కొత్త సీలు కూర్చోబెట్టే పనిలో
తల ఎత్తలేదు.

ట్యాంకు నిండా కొట్టించుకొచ్చాం.
అద్దాలెత్తి, ఏసీ ఆపి, ఎండలో నిలబెట్టాం.
ఓబులేసు ముక్కుని నమ్మలేను,
ఏడాదిగా ఆ గాలిలోనే నానిన ముక్కు.
నా ముక్కు సంగతి సరేసరి.
పక్క చాయ్ కొట్టు నేపాలీ కుర్రాడు దిల్‌కుమార్‌ని
బతిమాలి వెనక సీట్లో కూర్చోబెట్టాను.
ముగ్గురం, పది నిమిషాలు,
చెమట గడియారంలా కారుతూ.

"ఏం లేదు భాయ్" అన్నాడు వాడు,
"నా చేతుల ఏలక్కాయ వాసనే."
ఓబులేసు నావైపు తిరిగాడు.
"నీకన్నా?"

"నాకూ రావడంలేదు" అన్నాను.
పొద్దుట్నించి ముక్కు గురించి నేను చెప్పిన
మొదటి నిజం.

సీలుని టిష్యూలో చుట్టి ఇవ్వబోయాను, మామాకి చూపించమని.
వద్దన్నాడు.
ముందద్దానికి, వాళ్ళ తస్బీ పక్కనే తగిలించుకుని
వెళ్ళిపోయాడు.